అరవై దాటాక కొత్తగా ఏం మొదలుపెడతాం అనుకునేవాళ్లకు నా అనుభవం

“రిటైరయ్యాక వచ్చే మార్పులకు ఎలా అలవాటు పడాలి? జీవితం తృప్తిగా ఉండాలంటే ఏం చెయ్యాలి?” అని అడిగారు. నా మాట ఒక్కటే: అస్సలు రాని పని ఒకటి పట్టుకుని అఆల దగ్గర్నుంచి నేర్చుకోండి.

నేను 34 ఏళ్లు లెక్కల విభాగంలో పనిచేశాను. రిటైరయ్యాక మొదటి ఆరు నెలలు పొద్దున్న లేవగానే టెన్షన్‌గా ఉండేది. ఆఫీసులో నా సంతకం కోసం ఎదురుచూసేవాళ్లు. ఇంట్లో ఫోన్‌లో ఏదైనా నొక్కబోతే “ఇలా ఇవ్వమ్మా” అని పిల్లలు తీసుకుని వాళ్లే చేసేసేవారు. ప్రేమతోనే చేస్తారు, తెలుసు. కానీ ప్రతి పనీ చేతిలోంచి తీసేసుకుంటే మేం నేర్చుకునేదెప్పుడు? ఇది చదివే పిల్లలకు చెబుతున్నా, రెండుసార్లు తప్పు నొక్కనివ్వండి. మూడోసారి వస్తుంది.

61వ ఏట ఈతలో చేరాను. చిన్నప్పటి నుంచీ నాకు నీళ్లంటే భయం. నేర్పే అమ్మాయిది మా చిన్నదాని ఈడు. నాలుగు రోజులు గట్టు వదల్లేదు. ముఖం నీళ్లలో పెట్టడం, ఉక్కిరిబిక్కిరై లేవడం, అంతే. అయిదో రోజు ఆ అమ్మాయి నీళ్లలోకి దిగి నా పక్కన నిలబడింది. “ఆంటీ, మీరు గాలి బిగపట్టేస్తున్నారు. తల పైకెత్తిన ఆ కాస్త టైమ్‌లో వదలడం, పీల్చడం రెండూ కుదరవు. నీళ్లలో ఉన్నప్పుడే ముక్కుతో మెల్లగా వదిలెయ్యండి. పైకి రాగానే పీల్చుకోవడమే” అంది. కళ్లు మూసుకుని ముఖం పెట్టాను. చెవుల నిండా బుడగల చప్పుడు. పది దాకా లెక్కపెట్టాను. తల ఎత్తితే గాలి దానంతటదే లోపలికొచ్చింది. ఆ రోజు ఇంటికెళ్లి ఎంతమందికి ఫోన్ చేసి చెప్పానో! గట్టు వదిలి తేలడానికి ఇంకో ఆరు వారాలు పట్టింది. ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లడానికి అయిదు నెలలు.

“ఈ వయసులో ఎందుకమ్మా ఇవన్నీ” అన్నవాళ్లకు లెక్కేలేదు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 1990లో అమెరికాలో వృద్ధాశ్రమంలో ఉంటున్న 90 ఏళ్ల ప్రాయం వాళ్లు 10 మందికి కాళ్లతో బరువులెత్తే వ్యాయామం 8 వారాలు చేయించారు. చివరిదాకా చేసిన 9 మందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో కండ పెరుగుతుంటే అరవైలో ఎందుకు అంటారేమిటి? గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి, అంతవరకే.

ఇంకోటి, ‘కాలక్షేపం’ అన్న మాట నాకు నచ్చదు. ఈతకు వెళ్లేది పొద్దు గడవక కాదు. వారంలో నాలుగు రోజులు రేపటి కోసం రాత్రే సంచి సర్దుకుంటాను.

రెండు వారాల క్రితం మా వదిన కూడా చేరింది. ఆమెకు 66. నిన్న నా చెయ్యి పట్టుకుని, ముఖం నీళ్లలో పెట్టి, ఏడు దాకా లెక్కపెట్టింది.