స్కాట్లాండ్ యాసలు: మన చెవి ఎక్కడ తడబడుతుంది, ఏం చేస్తే కుదురుకుంటుంది

ఐఈఎల్‌టీఎస్‌లో మంచి బ్యాండే వచ్చింది, సెప్టెంబరులో గ్లాస్గో ప్రయాణం, కానీ అక్కడివాళ్ల వీడియోలు పెట్టుకుంటే ముక్క అర్థం కావట్లేదు అన్నారు. ఏ ఊరి యాస ఎంత కష్టం, ముందుగా ఏం నేర్చుకోవాలి అని అడిగారు.

నా అభిప్రాయం ఇది. శబ్దాల వరకు చూస్తే లండన్ ఇంగ్లీషు కన్నా స్కాట్లాండ్ ఇంగ్లీషే తెలుగువాళ్లకు దగ్గర. కొత్త మాటలు కూడా పెద్ద ఇబ్బంది కాదు, తెలియని మాట వినపడితే అడిగి తెలుసుకుంటాం. హౌ, మైండ్, డౌట్, మెసేజ్ లాంటి బాగా తెలిసిన మాటలే అక్కడ వేరే అర్థంలో వస్తాయి. అర్థమైందనుకుని తలూపేస్తాం, అక్కడే దెబ్బతింటాం.

ముందు ఒకటి విడదీసుకోవాలి. అక్కడ మీ చెవిన పడేవి రెండు. లెక్చరర్లు, బ్యాంకువాళ్లు, వార్తలు చదివేవాళ్లు మాట్లాడేది స్కాటిష్ ఇంగ్లీషు: వ్యాకరణం చాలావరకు మామూలు ఇంగ్లీషుదే, పలుకుబడి స్కాట్లాండ్‌ది. రెండోది స్కాట్స్. పాత ఇంగ్లీషు నుంచే పుట్టినా తన దారిన తాను పెరిగిన భాష అది. 2022 జనాభా లెక్కల్లో సుమారు 15 లక్షల మంది స్కాట్స్ మాట్లాడతామని చెప్పారు. 2025లో స్కాటిష్ పార్లమెంటు చేసిన చట్టం అక్కడి మరో పాత భాష గేలిక్‌తో పాటు దీనికీ అధికార హోదా ఇచ్చింది. ఈ రెంటికీ మధ్య గోడ లేదు. ఒకే మనిషి మేనేజరుతో ఇంగ్లీషు వైపు, పక్క సీటు స్నేహితుడితో స్కాట్స్ వైపు జరుగుతుంటాడు. శ్రీకాకుళం మనిషి ఆఫీసులో ఒకలా, ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఇంకోలా మాట్లాడినట్టే. దాన్ని తప్పుడు ఇంగ్లీషు అని మాత్రం ఎవరి దగ్గరా అనకండి. బళ్లో ఆ భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్న తరం ఇంకా ఉంది.

శబ్దాల్లో మనకు కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. కార్, హార్డ్, ఫోర్త్ అన్నప్పుడు 'ర' నిండుగా పలుకుతుంది, లండన్‌లోలాగా మింగరు. గ్లాస్గో కుర్రకారు నోట మాత్రం పదం చివరి 'ర' పలచబడుతోంది. గేట్, బోట్, డే అనే మాటల్లో అచ్చం మన ఏ, ఓ ఉంటాయి. ఫిల్మ్‌ను చాలామంది 'ఫిలమ్' అంటారు, సినిమాహాలు దగ్గర మనం అన్నట్టే. సరస్సును 'లాఖ్' అనేటప్పుడు గొంతులోంచి వచ్చే ఆ 'ఖ' హైదరాబాద్ ఉర్దూలో 'ఖబర్' విన్న చెవికి కొత్త కాదు. 'లాక్' అంటే తాళం అయిపోతుంది.

తిప్పలు 'ఉ' దగ్గర మొదలవుతాయి. తెలుగులో పలు వేరు, పాలు వేరు. హ్రస్వం దీర్ఘమైతే అర్థమే మారిపోతుంది కాబట్టి మన చెవి ఎప్పుడూ పొడవును పట్టుకుంటుంది. స్కాట్లాండ్‌లో లాగడం అనే 'పుల్', ఈతకొలను 'పూల్' ఒకేలా వినపడతాయి. 'గుడ్', 'ఫుడ్' ప్రాస కలుస్తాయి. పైగా ఆ 'ఉ' నాలుక ముందుకు జరిగి 'ఇ' వైపు వాలినట్టు ఉంటుంది. మరి అచ్చు పొడవు అక్కడ దేన్నిబట్టి మారుతుందంటే, చాలావరకు తర్వాత వచ్చే హల్లును బట్టి. 'ర', 'వ' లాంటి హల్లుల ముందు, పదం చివర సాగుతుంది. మిగతా చోట్ల కురచ. సముద్రపు పోటు అనే 'టైడ్' పొట్టిగా, కట్టేశారు అనే 'టైడ్' సాగదీసి పలుకుతారు, ఎందుకంటే రెండో దాంట్లో అసలు పదం 'టై', అది అచ్చుతోనే ముగిసింది. దీన్ని వివరించిన భాషావేత్త ఏ.జె. ఐట్‌కెన్ పేరు మీద ఐట్‌కెన్ సూత్రం అంటారు. పలకడం నేర్చుకోనక్కర్లేదు, పొడవును బట్టి పదం పోల్చుకునే అలవాటు మానితే చాలు.

స్కాట్స్ మాటల్ని పట్టుకోవడానికి కొన్ని మార్పిళ్లు చెవిలో పెట్టుకోండి. ఇంగ్లీషులో 'అవ్' ఉన్నచోట 'ఊ' వస్తుంది: హౌస్ హూస్ అవుతుంది, డౌన్ డూన్, అబౌట్ అబూట్. కొన్ని మాటల్లో 'ఓ' బదులు 'ఏ': హోమ్‌కు హేమ్, స్టోన్‌కు స్టేన్. హెడ్ హీడ్, డెడ్ డీడ్. నైట్ నిఖ్త్. క్రియకు వ్యతిరేకార్థం చివర 'నే' చేరుతుంది: డిడ్‌నే, కానే, వుడ్‌నే. ఆల్, బాల్ అనేవి 'ఆ', 'బా' అయి చివరి 'ల' ఎగిరిపోతుంది. ఇంతమాత్రం వస్తే సగం వాక్యం తెరుచుకుంటుంది.

ఇక మీరు వెళ్లే గ్లాస్గో. అక్కడి మాటలో మూడు గమనించండి. ఒకటి, పదం మధ్య, చివర 'ట' గొంతులో ఆగిపోతుంది. వాటర్, బాటిల్ అన్న మాటల్లో మధ్యన చిన్న ఖాళీ తప్ప 'ట' వినపడదు. రెండు, 'థింక్' అనేది 'హింక్' అవుతుంది. మూడు, మామూలు వాక్యం చివర కూడా స్వరం పైకి లేస్తుంది. ఇది చాలామంది కొత్తవాళ్లను తికమక పెడుతుంది. ఎదుటివాళ్లు సంగతి చెప్తుంటే ప్రశ్న అడిగారనుకుని జవాబు చెప్పబోతారు. స్వరాన్ని కాక వాక్యంలో మాటల వరసను చూసి అది ప్రశ్నో కాదో తేల్చుకోండి. వాక్యం చివర 'బట్' అని ఆపేస్తే ఇంకేదో చెప్తారని ఎదురుచూడకండి. 'ఐ డిడ్‌నే సీ హిమ్, బట్' అంటే 'నేనైతే చూళ్లేదు' అని, వాక్యం అయిపోయింది.

ఇప్పుడు అసలు ఉచ్చుల సంగతి. 'హౌ?' అంటే ఎలా అనే కాదు, ఎందుకు అని కూడా. 'హౌ నో?' అంటే ఎందుకు కాదు. 'మైండ్' అంటే గుర్తుండటం: 'మైండ్ అండ్ లాక్ ద డోర్' అంటే తలుపు వేయడం మర్చిపోకు. పెద్దవయసువాళ్లు 'ఐ డౌట్ ఇట్'ల్ రెయిన్' అంటే వాన పడేలా ఉంది అని అర్థం. మనం 'వానా? డౌటే' అంటే వచ్చే అర్థానికి సరిగ్గా ఎదురు, గొడుగు లేకుండా బయల్దేరకండి. 'గ్రీట్' అంటే ఏడవడం. 'మెసేజెస్' తేవడానికి వెళ్లారంటే సరుకులకు వెళ్లారని. 'పీస్' శాండ్‌విచ్. 'టాబ్లెట్' అంటే పంచదార, వెన్న, కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసే బర్ఫీలాంటి మిఠాయి. గ్లాస్గోలో 'జింజర్' అంటే ఏ రుచి కూల్‌డ్రింక్ అయినా సరే. 'వేర్ డు యు స్టే?' అంటే ఇల్లు ఎక్కడ అని, ఇది మన ఇండియా ఇంగ్లీషులో వాడుకే కాబట్టి ఇబ్బంది లేదు. 'ద కార్ నీడ్స్ వాష్డ్' అంటే కారు కడగాలి అని, అక్కడ మామూలు వాడుక. 'దట్స్ మీ' అంటే నా పని అయింది, లేదా నేను బయల్దేరుతున్నాను.

టైమ్ దగ్గర జాగ్రత్త. 'హాఫ్ సిక్స్' అంటే ఆరున్నర, అయిదున్నర కాదు. 'బ్యాక్ ఆఫ్ సిక్స్' అంటే ఆరు దాటిన కాసేపటికి, సుమారుగా ఆరుంబావు లోపు. అది పక్కా టైమ్ కాదు, డెలివరీవాళ్లు ఆ మాట అంటే ఆరింటికల్లా ఇంట్లో ఉండండి. 'ద నౌ' అంటే ఇప్పుడే. ఈమెయిళ్లలో, యూనివర్సిటీ నిబంధనల్లో 'అవుట్‌విత్' కనపడుతుంది. అచ్చుతప్పు కాదు, బయట అని. 'అవుట్‌విత్ ఆఫీస్ అవర్స్' అంటే ఆఫీసు వేళలు కాని సమయంలో. 'అప్‌లిఫ్ట్' అంటే సామాను వచ్చి తీసుకెళ్లడం.

ఇల్లు వెతికేటప్పుడు గ్లాస్గోలో 'క్లోజ్' అంటే పాత అపార్టుమెంటుకు అందరికీ కలిపి ఉండే ద్వారం, మెట్లదారి. ఎడిన్‌బరాలో దాన్ని 'స్టెయిర్' అంటారు, 'క్లోజ్' అంటే పాతబస్తీ సందు. చిరునామాలో 2/1 అని ఉంటే రెండో అంతస్తులో ఒకటో ఫ్లాటు, 0/2 అంటే కింది అంతస్తులో రెండోది. ఎడిన్‌బరాలో అదే 2ఎఫ్1 అని రాస్తారు. ఊరి పేర్లు రాసినట్టు పలకరు. గ్లాస్గో లోకల్ రైళ్లు ఆగే మిల్న్‌గేవీ పలుకుబడిలో 'మల్‌గై'. రైలు అనౌన్స్‌మెంటులో ఇది తెలియక ప్లాట్‌ఫాం తప్పేవాళ్లు ఉంటారు.

నర్సింగు, వైద్యం వైపు వెళ్తున్న మనవాళ్లు ఇంకొన్ని రాసి పెట్టుకోవాలి. 'జాగ్' అంటే ఇంజెక్షన్. 'ఆక్స్‌టర్' చంక. 'పీలీ-వాలీ' అంటే మొహం పాలిపోయి నలతగా ఉండటం. 'బోక్' వాంతి, 'వాబిట్' నీరసం, 'స్కెల్ఫ్' వేలిలో గుచ్చుకున్న చెక్కపేడు. ముసలివాళ్లు రోగం చెప్పేటప్పుడు ఇంగ్లీషు మాట కోసం వెతుక్కోరు, ఇవే వస్తాయి.

తూర్పున ఎడిన్‌బరా గ్లాస్గోకు రైల్లో గంట లోపే, యాస మాత్రం వేరు. అక్కడా, దానికి ఉత్తరాన ఉన్న ఫైఫ్ ప్రాంతంలోనూ 'కెన్' అంటే తెలుసు. ప్రతి వాక్యం చివరా 'కెన్?' అని తగిలిస్తారు, మన 'తెలుసా' లాగే. గ్లాస్గోవాళ్లు ఆ మాట పెద్దగా వాడరు. పసిపిల్లను పడమట 'వేన్' అంటే తూర్పున 'బేర్న్'. చిప్స్ కొంటే గ్లాస్గోలో ఉప్పు, వినెగర్. ఎడిన్‌బరాలో ఉప్పు, సాస్, ఆ సాస్ పుల్లగా పలచగా గోధుమరంగులో ఉంటుంది. డండీలో 'ఐ' అనాల్సిన చోట 'ఎ' వస్తుంది: పై అనే తినుబండారం 'పే' అవుతుంది. రోడ్డు మీద రౌండబౌట్‌ను అక్కడ 'సర్కిల్' అంటారు, హైదరాబాదులో సర్కిల్ విన్నవాళ్లకు హాయిగా ఉంటుంది.

అన్నిట్లో కష్టం ఏదంటే నా ఓటు అబర్దీన్ చుట్టుపక్కల మాట్లాడే డోరిక్‌కే. గ్లాస్గో యాస వేగంతో, మింగేసిన హల్లులతో ఇబ్బంది పెడుతుంది, నెలలో చెవికి అలవాటవుతుంది. డోరిక్‌లో మాటలే వేరు. ఇంగ్లీషు ప్రశ్నపదాల మొదట్లో ఉండే 'వ', 'హ' అక్కడ 'ఫ' అవుతాయి: వాట్ 'ఫిట్', వేర్ 'ఫార్', వెన్ 'ఫాన్', హూ 'ఫా', హౌ 'ఫూ'. 'ఫిట్ లైక్?' అంటే ఎలా ఉన్నావు. జవాబుగా 'నే బాడ్' (ఫర్వాలేదు) అంటే చాలు. కుర్రాడు 'లూన్', అమ్మాయి 'క్వైన్'. ఈ ఒక్క ఫకారం పట్టుకుంటే తలుపు తెరుచుకుంటుంది. ఆయిల్ కంపెనీల పని మీద అబర్దీన్ వెళ్లేవాళ్లు మొదటిరోజే ఇది నేర్చుకోవాలి.

ఇన్వర్నెస్ ఇంగ్లీషు అన్నిటికన్నా స్వచ్ఛమని అంటుంటారు. స్వచ్ఛమనే మాట నేను ఒప్పుకోను. ఇన్వర్నెస్ ఉన్న ఉత్తరపు కొండప్రాంతం హైలాండ్స్‌లో ఒకప్పుడు ఇంటి భాష గేలిక్, ఇంగ్లీషు బళ్లో నేర్చుకున్నది. అందుకని స్కాట్స్ మాటలు తక్కువ, పలుకు నిదానం, మనకు తేలిగ్గా అందుతుంది, అంతే. నాకు మనసుకు దగ్గరైనది షెట్లాండ్ మాట. 1469లో స్కాట్లాండ్ చేతికి వచ్చేదాకా ఆ దీవులు నార్వే, డెన్మార్క్ రాజులవి, అప్పట్లో అక్కడ మాట్లాడిన నార్న్ భాష ఛాయ ఇంకా పోలేదు. 'దిస్', 'దట్' అనేవాటిలో గట్టి 'డ' పలుకుతుంది. దగ్గరివాళ్లను 'డూ' అని, పెద్దల్ని, కొత్తవాళ్లను 'యూ' అని పిలుస్తారు. అంటే మన నువ్వు, మీరు తేడా అక్కడ బతికే ఉంది.

సాధన ఎలాగంటే, స్కాటిష్ పార్లమెంటు టీవీ ఉచితం. సభ జరిగే వారాల్లో గురువారం అక్కడి టైమ్ ప్రకారం మధ్యాహ్నం 12కు ఫస్ట్ మినిస్టర్‌ను, అంటే స్కాట్లాండ్ ప్రభుత్వాధినేతను, ప్రశ్నలడుగుతారు. అన్ని ప్రాంతాల సభ్యులూ లేస్తారు కాబట్టి ఒకే చోట పది యాసలు దొరుకుతాయి. అన్న మాటల్ని దాదాపు అన్నట్టే అఫీషియల్ రిపోర్టులో అచ్చువేస్తారు. మూడు నిమిషాల ముక్క తీసుకుని, ముందు చూడకుండా విని, విన్నది రాసి, తర్వాత రిపోర్టుతో పోల్చి, తప్పిన చోటు మళ్లీ వినండి. సబ్‌టైటిళ్లు మొదటే పెట్టుకుంటే కన్ను పనిచేస్తుంది, చెవి నిద్రపోతుంది. సభలో మాట కాస్త మర్యాదగా ఉంటుంది కాబట్టి, రెండు వారాల తర్వాత రేడియో స్కాట్లాండ్‌లో ఫుట్‌బాల్ చర్చలకు మారండి. అనుమానం వచ్చిన మాటకు డిక్షనరీ ఆఫ్ ద స్కాట్స్ లాంగ్వేజ్ ఆన్‌లైన్‌లో ఉంది, ఉచితమే.

మీరు మాట్లాడేటప్పుడు వాళ్లకు అడ్డుపడేది మన 'వ'. వెస్ట్‌ దిక్కుకూ, లోపల వేసుకునే వెస్ట్‌కూ మనం ఒకే 'వ' పలుకుతాం. దిక్కు చెప్పేటప్పుడు పెదాలు గుండ్రంగా చుట్టండి, బట్టకు పైపళ్లు కింది పెదవికి ఆనించండి. వాళ్ల యాసను అనుకరించొద్దు, ఎగతాళి అనుకుంటారు. 'వీ' (చిన్న), 'ఐ' (అవును) లాంటి చిన్న మాటలు ఆర్నెల్లలో వాటంతటవే వస్తాయి. దుకాణంలో ఆడవాళ్లను 'హెన్' అని పిలిస్తే అది కోడి కాదు, 'అమ్మాయ్' అన్నట్టు ఆప్యాయత. అర్థం కానప్పుడు మొత్తం మళ్లీ చెప్పమనకండి, అదే వేగంతో మళ్లీ చెప్తారు. అందిన ముక్క మీరే చెప్పి మిగిలింది అడగండి: 'బ్యాక్ ఆఫ్ సిక్స్ అన్నారు, ఆరుంబావు లోపు వస్తారా?' అని.