నేను మారిస్తే జరిమానా, వాళ్లు మారిస్తే సమాచారమా?

ప్రశ్న: మా అమ్మాయి దగ్గరికి వెళ్లి రావడానికి రానూపోనూ విమానం టికెట్ కొన్నాను. తన పరీక్షల తేదీలు మారడంతో నేను పది రోజులు ఆలస్యంగా వెళ్లాల్సి వస్తోంది. ప్రయాణానికి ఇంకా రెండు నెలల టైముంది. అయినా డేట్ ఛేంజ్ ఛార్జీ, దానిపైన ఫేర్ డిఫరెన్స్ (పాత, కొత్త ధరల తేడా) అంటున్నారు. రెండూ కలిపితే టికెట్ ధరలో సగం దాటింది. ఇదే ఎయిర్‌లైన్ పోయిన వారం నా తిరుగు ప్రయాణాన్ని ఉదయం నుంచి రాత్రికి మార్చేసి, ఒక మెయిల్ పంపి ఊరుకుంది. వాళ్లకో న్యాయం, నాకో న్యాయమా? ఏం చేయను, కట్టేయమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే కట్టకండి. ఆ తిరుగు ప్రయాణం సంగతి మీరు చివర్లో రాశారు గానీ, మీకు పనికొచ్చేది అదే. దానికి వస్తాను.

నేను చాలా ఏళ్లు టికెటింగ్ కౌంటర్లో కూర్చున్నదాన్ని. ఇదే ప్రశ్న ఇంతకంటే కటువైన మాటల్లో వింటూ ఉండేదాన్ని. యూనిఫాంలో ఉన్నంతకాలం చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు చెప్పొచ్చు. ఛార్జీ అనేది ఉండటంలో తప్పు లేదు గానీ, దాన్ని వేసే తీరులో చాలావరకు న్యాయం లేదు.

మీకు చెప్పిన రెండు మొత్తాలనూ విడివిడిగా చూడండి. ఫేర్ డిఫరెన్స్ మీద నాకు పెద్ద కోపం లేదు. మా స్క్రీన్ మీద ప్రతి ఫ్లైట్‌కీ వై, బి, ఎమ్, క్యూ అంటూ అక్షరాల వరస, ఒక్కో అక్షరం పక్కన ఒక అంకె ఉండేవి. అక్షరం ధరల తరగతి, అంకె అందులో ఇంకా అమ్మగలిగిన సీట్లు. అంకె తొమ్మిది దాటదు. తొమ్మిది కనిపిస్తే తొమ్మిదో, అంతకంటే ఎక్కువో అని అర్థం. చౌక అక్షరాలే ముందు సున్నాకి వస్తాయి. మీరు కొన్న తరగతి మీ కొత్త తేదీన అయిపోయి ఉంటుంది. ఆ రోజుకి ఇవాళ కొత్తగా కొనేవాళ్లూ ఆ ఎక్కువ ధరే కడతారు. అందుకే ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరిపి అడగండి. ఆ చౌక తరగతి ఇంకా మిగిలిన రోజు దొరికితే ఈ తేడా బాగా తగ్గిపోవచ్చు.

నా కోపమంతా డేట్ ఛేంజ్ ఛార్జీ మీదే. తలుపు మూశాక ఖాళీ సీటుకి విలువ లేదు, అందుకే ఛార్జీ అంటారు ఎయిర్‌లైన్ వాళ్లు. ముందురోజు సాయంత్రం మార్చుకునేవాళ్ల విషయంలో అది నిజం. రెండు నెలల ముందే చెబితే వాళ్లకొచ్చే నష్టమేంటి? సీటు ఆ క్షణమే మళ్లీ అమ్మకానికి వెళ్తుంది, చాలాసార్లు ఇంకాస్త ఎక్కువ ధరకే పోతుంది. పైగా కొందరు ఎలాగూ రారని లెక్కేసి ఉన్న సీట్లకంటే ఎక్కువ టికెట్లు అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. రానివాళ్ల సీట్లో ఇంకొకరు కూర్చుంటారు, రానివాళ్ల డబ్బూ ఎయిర్‌లైన్ దగ్గరే ఉంటుంది! కొన్ని సంస్థలు ప్రయాణం దగ్గరపడే కొద్దీ ఛార్జీ పెంచుతాయి. అది సబబే. ఎప్పుడు అడిగినా ఒకటే ఛార్జీ వేసేవాళ్లు నష్టం గురించి మాట్లాడకపోతే మర్యాదగా ఉంటుంది.

ఈ ఛార్జీ లేకపోతే సంస్థ నడవదన్న మాట కూడా కౌంటర్ వెనక విన్నాను. అమెరికా విమాన సంస్థలు 2019లో టికెట్ల మార్పులు, రద్దుల ఛార్జీల మీదే దాదాపు 280 కోట్ల డాలర్లు రాబట్టాయి. కొవిడ్‌తో జనం టికెట్ కొనడానికే వెనకాడుతుంటే, 2020 ఆగస్టు చివర్లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ దేశీయ ప్రయాణాలకున్న 200 డాలర్ల ఛార్జీని తీసేసింది. డెల్టా, అమెరికన్ వెంటనే అదే బాట పట్టాయి. సౌత్‌వెస్ట్ అయితే అంతకుముందు నుంచే తీసుకునేది కాదు. అలాగని అంతా ఉచితమైపోలేదు. అతి చౌకైన బేసిక్ ఎకానమీ టికెట్లను ఈ సదుపాయం నుంచి తప్పించారు, ఫేర్ డిఫరెన్స్ అలాగే ఉంది. చౌక టికెట్‌కి షరతు ఉంటే ఉండనీయండి. ఆ షరతు ధర పక్కనే, అదే సైజు అక్షరాల్లో కనిపించాలి, అంతే.

ఇక మీ మెయిల్. అందులో ‘అంగీకరిస్తున్నాను’ అని ఏదైనా బటన్ ఉంటే నొక్కకండి. ఎయిర్‌లైన్ తనంతట తాను టైం బాగా మార్చినప్పుడు ఛార్జీ లేకుండా వేరే ఫ్లైట్‌కి మారడమో, డబ్బు వెనక్కి తీసుకోవడమో చాలా సంస్థల నిబంధనల్లోనే ఉంటుంది. అమెరికా ప్రభుత్వం 2024లో దీనికి గంటల లెక్క కూడా పెట్టింది. దేశీయ ప్రయాణంలో 3 గంటలు, అంతర్జాతీయ ప్రయాణంలో 6 గంటలు, ఆపైన తేడా వస్తే, ప్రయాణికులు ఒప్పుకోకపోతే డబ్బు తిరిగివ్వాల్సిందే. మిగతా చోట్ల ఈ లెక్కలు వేరు, కాబట్టి మీ టికెట్ నిబంధనల్లో ‘షెడ్యూల్ ఛేంజ్’ అన్న భాగం వెతికి చదవండి.

తర్వాత ఫోన్ చేయండి. వెబ్‌సైట్‌కి చాలాసార్లు ఛార్జీ వేయడం ఒక్కటే తెలుసు, తీసేసే అధికారం ఎక్కువగా మనిషికే ఉంటుంది. మీ అమ్మాయి పరీక్షలతో మొదలుపెట్టకండి. ‘మీరు నా తిరుగు ఫ్లైట్ టైం మార్చారు, అది నాకు కుదరదు’ అనండి. రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉన్నాయి కాబట్టి వెళ్లేదాన్ని కూడా కలిపి జరపమని అడగండి. ఎన్ని రోజుల వరకు ఉచితంగా జరుపుతారన్నది ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటుంది. మీ పది రోజులు ఆ గడువు దాటితే సూపర్‌వైజర్‌ని అడగండి. అక్కడా కాదంటే మొత్తం టికెట్ రద్దు చేసి డబ్బు తిరిగిస్తారేమో కనుక్కోండి. అయితే కొత్త టికెట్ ధర ముందే చూసుకోండి, లేకపోతే అసలుకే మోసం.

ఏదీ కుదరక విసుగొచ్చినా, వెళ్లే టికెట్‌ని మాత్రం అలా వదిలేయకండి. చెప్పకుండా ఆ ఫ్లైట్ ఎక్కకపోతే ‘నో షో’ కింద రాసేసి, చాలా సంస్థలు తిరుగు ప్రయాణాన్ని కూడా రద్దు చేస్తాయి.