రిలీవ్ కాకముందే చెరువు లీజు మీద సంతకం పెట్టకండి

ప్రశ్న: కోనసీమలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో క్లర్కుని. వయసు 38, సర్వీసు 14 ఏళ్లు. ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) ఖాతాలో 16 లక్షలున్నాయి. మా బావగారితో కలిసి భీమవరం వైపు రొయ్యల చెరువు లీజుకు తీసుకుందామని రాజీనామా ఇచ్చాను. 'నా బకాయిలన్నీ సెటిల్ చేసి రిలీవ్ చేయగలరు' అని రాస్తే లెటర్ వెనక్కి పంపారు. ఆ ముక్క తీసేసి మళ్లీ రాసిచ్చి రెండు నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు. సంక్రాంతికి లీజు అడ్వాన్సు 5 లక్షలు కట్టాలి. ఆఫీసు డబ్బు అప్పటికి అందుతుందా?

జవాబు: అందదు. ఆ డబ్బు చూసుకుని ఎవరికీ మాట ఇవ్వకండి.

మొదటి లెటర్ వెనక్కి రావడంలో పేచీ ఏమీ లేదు. రాజీనామాలో షరతు ఉండకూడదు, మీ 'బకాయిలన్నీ సెటిల్ చేసి' అన్న ముక్క షరతే. 'వ్యక్తిగత కారణాల వల్ల ఫలానా తేదీ నుంచి రాజీనామా చేస్తున్నాను, ఆమోదించగలరు', అంతకుమించి ఒక్క మాట వద్దు. రెండో లెటర్ కాపీ మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ వేయించుకోకపోతే రేపే ఆ పని చేయండి.

ఆమోదించాల్సింది మిమ్మల్ని నియమించే అధికారం ఉన్న అధికారి, మీ పై ఆఫీసరే అయ్యుండాలని లేదు. దానికి విజిలెన్స్ క్లియరెన్స్ (మీ మీద విచారణలేవీ లేవన్న కాగితం) కావాలి, వెంటనే నో డ్యూస్ (బాకీలేవీ లేవన్న కాగితం) కూడా అడుగుతారు. ఫైలు ఎక్కువగా ఇక్కడే నానుతుంది. లెక్క చూపని ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) అడ్వాన్సు, ఉద్యోగుల సొసైటీ అప్పు, ఒక్కోసారి తోటి ఉద్యోగి అప్పుకి మీరెప్పుడో పెట్టిన హామీ సంతకం. ఆ అప్పుకి వేరే హామీదారుని చూపిస్తే గానీ సొసైటీ కాగితం ఇవ్వదు. ఈలోగా డ్యూటీ మానేయకండి. అనధికార గైర్హాజరు కింద ఛార్జి మెమో వస్తే విజిలెన్స్ క్లియరెన్సే ఆగిపోతుంది.

ఇక డబ్బు. రాజీనామాతో గత సర్వీసు రద్దవుతుంది, గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకి ఒకేసారి ఇచ్చే మొత్తం) పోతుంది. మీ బేసిక్, డీఏ కలిపి 63,000 అనుకుంటే 14 ఏళ్లకి దాని విలువ సుమారు 4.41 లక్షలు. ఎన్‌పీఎస్ నుంచి హామీ పింఛను ఇచ్చే యూపీఎస్‌కి (ఏకీకృత పింఛను పథకం) మారి ఉన్నా రాజీనామా చేసినవారికి ఆ హామీ పింఛను లేదు. (అనుమతి తీసుకుని వేరే ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్లే టెక్నికల్ రాజీనామా వేరు, అందులో సర్వీసు పోదు.) 20 ఏళ్లు నిండితే మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవచ్చు, గ్రాట్యుటీ వస్తుంది. ఆరేళ్లు ఆగలేరా అని ఇంట్లో ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి.

చేతికొచ్చేవి మూడు. మొదటిది ఈఎల్ (వాడుకోని ఆర్జిత సెలవు) డబ్బు: నిల్వ ఉన్నదాంట్లో సగానికే, అదీ 150 రోజులకి మించకుండా. 160 రోజులుంటే 80 రోజులకి, రోజుకి 2,100 చొప్పున 1.68 లక్షలు. రెండోది గ్రూప్ ఇన్సూరెన్స్ పొదుపు, చిన్న మొత్తమే. మూడోది ఎన్‌పీఎస్: 16 లక్షల్లో 20 శాతం, అంటే 3.2 లక్షలే నగదు. మిగతా 12.8 లక్షలతో యాన్యుటీ (నెలనెలా పింఛను ఇచ్చే పాలసీ) కొనాల్సిందే. 6 శాతం లెక్కన నెలకి 6,400 వస్తుంది. పైగా రాజీనామా అమల్లోకి వచ్చిన 90 రోజుల దాకా ఆ డబ్బు ఇవ్వరు, ఆలోగా వెనక్కి తీసుకోమని మీరు అడిగే వీలుంది కాబట్టి.

నన్నడిగితే ఎన్‌పీఎస్‌ని ముట్టుకోవద్దు. ప్రాన్ (ఎన్‌పీఎస్ ఖాతా నంబరు) అదే ఉంచి, ప్రభుత్వేతర చందాదారుగా మార్పించుకుని ఏడాదికి కనీసం 1,000 కడుతూ ఉంచండి. రొయ్యలకి వైట్‌స్పాట్ తెగులు వచ్చి ఒక్క పంట పోయినా ఆ మూడు లక్షలు చెరువులో కలిసిపోతాయి, ఇదైతే అరవయ్యోయేట మిగులుతుంది.

బ్యాంకు పర్సనల్ లోన్ ఉంటే జీతం ఆగిన నెల నుంచీ కిస్తీ సొంతంగా కట్టాలి. ఆరు నెలల కిస్తీలు, ఇంటి ఖర్చు విడిగా పెట్టుకున్నాకే లీజులో మీ వాటా ఎంతో తేల్చుకోండి. అడ్వాన్సు ఈ సంక్రాంతికే కట్టక తప్పకపోతే బావగారి డబ్బుతో, బావగారి పేరు మీదే కాగితం రాయించండి. సర్వీసులో ఉండగా అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. మీ పేరు రిలీవింగ్ ఆర్డరు తేదీ తర్వాత చేర్చుకోవచ్చు.