ఒకరికి లేటెక్, ఇద్దరికి వర్డ్, ఒకరికి కాయితం: లెక్కల మెటీరియల్ ఎందులో టైపు చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. నలుగురు లెక్చరర్లు కలిసి ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కలకు తెలుగు మీడియం మెటీరియల్ తయారు చేస్తున్నారు. మీకు లేటెక్ (ఆజ్ఞలు టైపు చేస్తే లెక్కల పేజీలు తయారుచేసిపెట్టే ప్రోగ్రామ్) బాగా వచ్చు. ఇద్దరికి వర్డ్ ఒక్కటే తెలుసు. నాలుగో ఆయన మీ అందరికంటే సీనియర్, కాయితం మీద తప్ప రాయరు. ప్రింటింగ్ మహబూబ్‌నగర్‌లో. ఇప్పుడు ముగ్గురికీ లేటెక్ నేర్పించాలా, మీరే వర్డ్‌లోకి దిగాలా అని అడుగుతున్నారు.

దిగండి. లేటెక్ అంటే పడక చెప్తున్నది కాదిది. నా సొంత నోట్సు మొత్తం ఈ రోజుకీ లేటెక్‌లోనే ఉంది. నేను నల్లగొండలో జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరర్ని. ఇలా నలుగురితో కలిసి మెటీరియల్ వేసే పని మూడుసార్లు చేశాను, రెండుసార్లు చెడగొట్టాను.

మొదటిసారి అందరినీ ఓవర్‌లీఫ్ అనే లేటెక్ వెబ్‌సైట్‌లోకి లాక్కొచ్చాను. బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, ఏమీ ఇన్‌స్టాల్ చేసే పని లేదు, నలుగురం ఒకే ఫైల్లో రాసుకోవచ్చు అని చెప్పాను. అప్పట్లో అవన్నీ నిజమే. తెలుగు కోసమే నాకు రెండు రాత్రులు పట్టింది. మామూలు పీడీఎఫ్ లేటెక్‌తో తెలుగు కుదరదు. మెనూలో కంపైలర్‌ని (మనం కొట్టిందాన్ని పేజీగా మార్చే భాగం) జీలేటెక్‌కి (XeLaTeX) మార్చాలి, ఫాంట్ చెప్పేచోట లిపి తెలుగు అని విడిగా రాయాలి. ఆ ఒక్క ముక్క మరిచిపోతే ఒత్తులు అక్షరాల కింద కూర్చోకుండా విడిపోయి పక్కన నిలబడతాయి. అదంతా సర్దిపెట్టాక మొదటి పేజీ చూసి నేనే మురిసిపోయాను. మాత్రికల బ్రాకెట్లు గీత గీసినట్టు వచ్చాయి.

మురిపెం వారం రోజులు. దేవరకొండ నుంచి మా సీనియర్ సార్ రాత్రి పదింటికి ఫోన్ చేశారు. "ఏందో మొత్తం ఎర్రగొస్తుంది సార్, నేనేం ముట్టలే." నిజంగానే ఆయన పెద్దగా ఏమీ ముట్టలేదు. ఒక భిన్నంలో అంకె మారుస్తూ చివరనున్న మీసాల బ్రాకెట్ } ఒకటి చెరిపేశారు. లేటెక్‌తో చిక్కేమిటంటే, బ్రాకెట్ ఒకచోట పోతే తప్పు ఇంకెక్కడో చూపిస్తుంది. సార్ పాపం అది చూపించిన లైన్ దగ్గరికే వెళ్లి, ఏ పాపం ఎరగని ఆ లైన్‌ని కూడా దిద్దారు. అలవాటున్నవాడు పైకి వెళ్లి వెతుకుతాడు. అలవాటు లేనివాడు తెర చెప్పింది నమ్ముతాడు, అందులో తప్పేముంది?

రెండోది ఇంకా ఇబ్బందైన సంగతి. మా టీములో ఒక మేడమ్ ముందుమాటలో 40 శాతం మార్కుల గురించి ఒక వాక్యం రాశారు. శాతం గుర్తు కీబోర్డు మీదున్నట్టే కొట్టారు. లేటెక్‌లో ఆ గుర్తు తర్వాత అదే లైన్లో ఏముందో దానికి పట్టదు, వ్యాఖ్య అనుకుని వదిలేస్తుంది. ఎర్రగా కూడా రాదు. పీడీఎఫ్‌లో వాక్యం సగంలో ఆగిపోయింది. ఆమె రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు స్టాఫ్‌రూమ్‌లో "నా వాక్యం ఎందుకు తీసేశారు సార్, బాగాలేకపోతే చెప్పొచ్చు కదా" అన్నారు. ఆ గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలని నేను వివరించాను. వివరిస్తుంటేనే తెలిసింది, ఇది నడిచే పని కాదని. ఆ తర్వాత అందరూ సవరణలు వాట్సాప్‌లో ఫోటోలు తీసి పంపడం మొదలుపెట్టారు, నేను టైపిస్టునయ్యాను. 140 పేజీలు.

రెండో ఏడాది పంతం వదిలేసి వర్డ్‌లో టైపు చేయించి గడియారం సెంటర్ దగ్గర ఒక డీటీపీ షాపులో ఇచ్చాం. ఇక్కడే అసలు దెబ్బ తగిలింది. మన దగ్గర చాలా డీటీపీ షాపుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీలు పేర్చే ప్రోగ్రామ్, అను అనే తెలుగు ఫాంట్లు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు కాబట్టి మనం వర్డ్‌లో కొట్టిన తెలుగు అందులోకి నేరుగా పోదు, మార్పిడి చేయాలి లేదా మళ్లీ కొట్టాలి. ఆ ఆపరేటర్ తమ్ముడు పనిమంతుడే. తెలుగు మార్పిడి చేసి, ఫార్ములాలను మామూలు అక్షరాలుగా అతికించాడు. అలా అతికిస్తే పైన చిన్నగా ఉండాల్సిన ఘాతం కిందికి దిగి పక్కన కూర్చుంటుంది. 2¹⁰ కాస్తా 210 అయింది. ఇలాంటివి ప్రూఫులో కనిపించాయి, దిద్దాం.

కనిపించనిది ఒకటుంది. సైన్ స్క్వేర్ తీటా ప్లస్ కాస్ స్క్వేర్ తీటా ఈక్వల్ టు ఒకటి. ఘాతం దిగిపోయేసరికి అది సైన్ టూ తీటా ప్లస్ కాస్ టూ తీటా అయింది. చూడ్డానికి అదీ ఫార్ములాలాగే ఉంటుంది, పుస్తకంలో అలాంటివి నిజంగానే ఉంటాయి. ముగ్గురం ప్రూఫు చదివాం. ఇరవై ఏళ్లుగా బోర్డు మీద రాసిన సూత్రం కదా, కళ్లు అక్కడ ఉండాల్సిందే చదివాయి తప్ప ఉన్నది చదవలేదు. మా పిల్లాడొకడు పట్టుకున్నాడు. ముందు తీటాకి సున్నా వేసి చూశాడట, సరిపోయింది. 45 వేశాడు, అదీ సరిపోయింది. 30 వేస్తే 1.366 వచ్చింది. "సార్, బుక్కు తప్పా నేను తప్పా?" అని వచ్చాడు. 500 కాపీలకు సవరణ చీటీలు అంటించాం. (లేటెక్‌కు మూలమైన టెక్ పుట్టింది కూడా ఇలాంటి బాధలోంచే. 1977లో డొనాల్డ్ నూత్ అనే అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త తన పుస్తకం ప్రూఫుల్లో అక్షరాలు, గుర్తులు వచ్చిన తీరు నచ్చక, అచ్చు కోసం తానే ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టాడు. మేం చీటీలు అంటించాం.)

ఆ చీటీల దెబ్బకి, ఇప్పుడు నేను ముందు అడిగేది ఒక్కటే: ప్రెస్సుకు వెళ్లే ముందురోజు రాత్రి చివరి దిద్దుబాటు ఎవరు చేస్తారు? వాళ్లకు చేతనైన దాంట్లో ఫైలు ఉండాలి, వాళ్ల చేయి దాటాక ఎవరూ మళ్లీ టైపు చేయకూడదు. మీ టీములో ఆ రాత్రి మీరు ఊళ్లో లేకపోతే? అందుకే వర్డ్ అంటున్నాను.

మూడోసారి ఇలా చేశాం. వర్డ్‌లోనే పేజీ సైజు, మార్జిన్లు, తెలుగు యూనికోడ్ ఫాంట్ పెట్టుకుని, అందులోంచే పీడీఎఫ్ తీసి ప్రెస్సుకు ఇచ్చాం. ఆపరేటర్ తమ్ముడికి అట్ట డిజైన్ మాత్రం అప్పజెప్పాం. "సార్, లోపలి పేజీలు నాకివ్వరా?" అని కొంచెం నొచ్చుకున్నాడు. లోపలి పేజీల డబ్బులు తగ్గాయి కదా, నొచ్చుకోడా మరి.

మీ వర్డ్ మిత్రులిద్దరికీ నేర్పాల్సింది గంట పని. ఆల్ట్ కీ, ఈక్వల్స్ గుర్తు కలిపి నొక్కితే సమీకరణం పెట్టె వస్తుంది. అందులో ఒకటి, ఏటవాలు గీత (/), రెండు కొట్టి స్పేస్ నొక్కితే భిన్నం తనంతట తానే పైనా కిందా సర్దుకుంటుంది. అక్షరం పక్కన టోపీ గుర్తు (^) కొట్టి రెండు వేసి స్పేస్ నొక్కితే వర్గం. మాత్రికలకు పైన మెనూలో గళ్లు రెడీగా ఉంటాయి, నొక్కి నింపుకోవడమే. తెలుగువాళ్లకు ఒక చిన్న పేచీ ఉంది: పెట్టెలోకి వెళ్లగానే కీబోర్డు ఇంగ్లీషుకు మార్చుకోవాలి, బయటికి రాగానే తెలుగుకు. విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే మారుతుంది. రెండు రోజులు విసుగ్గా ఉంటుంది, మూడో రోజుకు వేళ్లకు వచ్చేస్తుంది. "అయితే", "కాబట్టి" లాంటి తెలుగు మాటలు మాత్రం పెట్టె బయటే ఉంచమనండి. లోపల కొడితే అక్షరాల రూపు మారిపోయి పేజీ అతుకుల బొంతలా ఉంటుంది.

మీ లేటెక్ చెయ్యి ఊరికే పోదు. మైక్రోసాఫ్ట్ 365 వర్డ్‌లో సమీకరణం ట్యాబ్‌లో లేటెక్ అన్న మీట ఉంది. అది ఎంచుకుని మీకు అలవాటైన ఆజ్ఞలే కొట్టి, తర్వాత కన్వర్ట్ చేయొచ్చు. అన్నీ పనిచేయవు గానీ ఇంటర్ స్థాయికి చాలు. రేపు నిజంగా లేటెక్‌లోకి పోవాల్సి వస్తే పాండాక్ అనే ఉచిత ప్రోగ్రామ్ వర్డ్ ఫైల్‌ని లేటెక్‌గా మారుస్తుంది, సమీకరణాలతో సహా. కాకపోతే అవి ఆ పెట్టెలో రాసినవై ఉండాలి, చిత్రాలుగా అతికించినవి చిత్రాలుగానే వస్తాయి.

ఫైలు ఎప్పుడూ డాక్ఎక్స్‌గానే (.docx) సేవ్ చేయమని గట్టిగా చెప్పండి. మా మేడమ్ ఒకసారి ఇంటర్నెట్ సెంటర్‌లో పాత డాక్ (.doc) రకంగా సేవ్ చేశారు. అందులో సమీకరణాలన్నీ బొమ్మలైపోయాయి, ఒక్క అంకె కూడా మార్చలేం. అలాగే మీ కాలేజీలో పాత ప్రశ్నల బ్యాంకు ఉంటే ముందే తెరిచి చూసుకోండి. వర్డ్‌లో సమీకరణాలు కొట్టే పాత ఈక్వేషన్ ఎడిటర్ 3.0ని భద్రతా లోపం వల్ల 2018 జనవరిలో మైక్రోసాఫ్ట్ తీసేసింది. దాంట్లో కొట్టినవి కనిపిస్తాయి, దాంతో దిద్దడం మాత్రం కుదరదు. మాకు మాత్రికల అధ్యాయం మొత్తం అలాగే దొరికింది, కూర్చుని మళ్లీ కొట్టాం.

సమీకరణాలు కొట్టే విడి ప్రోగ్రామ్ మ్యాథ్‌టైప్ గురించి కూడా అడిగారు. మంచిదే, ఆ పాత సమీకరణాల్ని కూడా తెరుస్తుంది. కానీ ఏటా డబ్బు కట్టాలి, దిద్దే ప్రతివాళ్ల కంప్యూటర్లోనూ ఉండాలి. నలుగురిలో ఒక్కరికి లేకపోయినా కథ మొదటికే. వర్డ్ లాంటిదే లిబ్రెఆఫీస్ ఉచితమే, దాంట్లో రాస్తే అందరూ దాంట్లోనే రాయండి. అటూ ఇటూ తిప్పితే నా ఫైళ్లలో బ్రాకెట్ల సైజులు మారాయి. గూగుల్ డాక్స్‌లో మాత్రికల దగ్గరే చేతులెత్తేశాను.

లేటెక్ ఎప్పుడు పెట్టుకోవాలంటే, రాసేవాళ్లు ఎందరున్నా ఫైలు ముట్టేది ఒక్కరే అన్నప్పుడు. సూత్రాలకు నంబర్లిచ్చి వందచోట్ల మళ్లీ చెప్పే 300 పేజీల పుస్తకమైతే నేను ఈ రోజుకీ లేటెక్కే అంటాను. అప్పుడు మిగతా ముగ్గురి సవరణలు మీరే ఎక్కించాలని మొదటి రోజే ఒప్పుకోండి, నాలాగా తర్వాత కోపం తెచ్చుకోకండి.

ప్రూఫుకు మాత్రం ఒక పద్ధతి పెట్టుకోండి. సూత్రాలున్న ప్రతి పేజీనీ ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు చేతిరాత ప్రతి చూస్తూ వినాలి. "సైన్ స్క్వేర్" అని నోటితో పలికినప్పుడు కాయితం మీద స్క్వేర్ ఉందో లేదో తెలుస్తుంది. ప్రతి సర్వసమీకరణంలో ఒక కోణం వేసి చూడండి, సున్నా, 45 కాకుండా.

ఇక మీ సీనియర్ సార్‌ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టే ప్రయత్నం చేయకండి. మా దేవరకొండ సార్ ఇప్పటికీ తెల్లకాయితాల మీదే రాస్తారు, లెక్కల ఎంపికలో ఆయన్ని మించినవాళ్లు మా జిల్లాలో నాకు తెలిసి లేరు. ఆయన పేజీలు వర్డ్ వచ్చిన ఇద్దరిలో ఒకరు కొట్టాలి, ఆయన ప్రింటు మీద ఎర్ర పెన్నుతో దిద్దాలి. ఆయన్ని ఒక్కటి అడగండి: సున్నా, తీటా రెండూ ఒకేలా రాయొద్దని. మా సార్ తీటాలో అడ్డగీత మరీ చిన్నగా పెడతారు. దానివల్ల మాకు కాస్ సున్నా అని 11 చోట్ల పడింది.