మొదటి పరిశోధనకు అంశం వెతుక్కుంటున్న న్యూరోసర్జన్‌కు

చిరంజీవికి,

శస్త్రచికిత్సలో శిక్షణ పొందుతూనే పరిశోధన కూడా చేయాలనుకుంటున్నానని, ఏ అంశం తీసుకోమంటారని అడుగుతూ నీవు రాసిన ఉత్తరం అందింది. నీ జాబితాలో మెదడులో అమర్చే చిప్పులు, మూలకణాల మార్పిడి వంటి పెద్ద విషయాలే కనిపించాయి. వాటిని కాదనను, అయితే మొదటి ప్రశ్నను మాత్రం నీ వార్డులోనే వెతుక్కో.

వృద్ధులకు మెదడు మీది పొరల కింద పాత రక్తం పేరుకున్నప్పుడు పుర్రెకు రంధ్రం చేసి కడిగివేయడం మనమందరం తొలినాళ్లలోనే నేర్చుకునే పని. ఆ తరువాత రెండు రోజులు డ్రెయిన్, అంటే మిగిలిన ద్రవం బయటికి పోయే గొట్టం, ఉంచాలా వద్దా అన్నది చాలాకాలం ఎవరి అలవాటును బట్టి వారు తేల్చుకున్నారు. కేంబ్రిడ్జి వైద్యులు రోగులను చీటీలు వేసినట్టు రెండు వర్గాలుగా విడదీసి పరిశీలించి, 2009లో ఫలితాలు ప్రకటించారు. డ్రెయిన్ లేనివారిలో సుమారు 24 శాతం మందికి రక్తం మళ్లీ చేరి ఆపరేషన్ చేయవలసి రాగా, ఉన్నవారిలో 9 శాతం మందికే ఆ అవసరం కలిగింది. ఒక చిన్న గొట్టం గురించిన ప్రశ్న అది!

తర్కం సరిగా తోచినంత మాత్రాన చికిత్స మేలు చేస్తుందని నమ్మకు. తలకు దెబ్బ తగిలినవారికి మెదడు వాపు తగ్గుతుందని దశాబ్దాల తరబడి స్టెరాయిడ్లు ఇచ్చారు. పదివేల మందితో సాగిన ‘క్రాష్’ పరీక్ష ఫలితాలు 2004లో వచ్చేసరికి, రెండు వారాలలోపు మరణాలు స్టెరాయిడ్లు తీసుకున్నవారిలో 21 శాతం, తీసుకోనివారిలో 18 శాతం అని తేలింది.

ఇక, దేన్ని కొలుస్తావో ముందే నిర్ణయించుకో. 1953లో హెన్రీ మొలైసన్ అనే రోగికి మూర్ఛ తగ్గించడానికి మెదడుకు ఇరువైపులా, కణతల వైపు ఉండే టెంపొరల్ లోబ్ లోపలి భాగాలను తీసివేశారు. మూర్ఛ తగ్గింది గాని, కొత్త సంగతులు గుర్తుంచుకునే శక్తి పోయింది. మూర్ఛలు మాత్రమే లెక్కపెట్టి ఉంటే ఆ ఆపరేషన్ విజయమే. అందుకే రోగితోపాటు ఇంటివారినీ అడుగు. ఆపరేషన్ చేసిన చేతులు ఫలితానికి మార్కులు వేయకూడదు కనుక, ఆ పని మరొకరికి అప్పగించు.

నా తొలి వ్యాసంలో, ఆపరేషన్ తరువాత పరీక్షకు తిరిగి రానివారందరూ కోలుకున్నారనే భావించాను. తరువాత ఇళ్లకు కబురు పంపితే, కొందరు మంచం దిగలేకనే రాలేదని తెలిసింది. ఆ వ్యాసాన్ని నేటికీ ఎవరికీ చూపించను. నీవు మాత్రం రానివారి వివరాలు సేకరించడానికే ఒక మనిషిని, కొంత సమయాన్ని మొదటే కేటాయించుకో. స్పృహ సరిగా లేని రోగి విషయంలో అంగీకారం ఎవరు ఇస్తారన్నది నైతిక సంఘంతో ముందే తేల్చుకో. గణాంక నిపుణుడిని చివర కాదు, ఆరంభంలోనే కలువు.

వచ్చే ఉత్తరంలో నీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసి, దాని కింద ఎంతమంది రోగులు కావాలో, ఎన్ని నెలలు గమనిస్తావో, ఎవరు కొలుస్తారో చేర్చి పంపు. చిప్పుల సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ గురువు