ఆఫీసు యాప్‌లు, మెసేజ్‌ల ఒత్తిడిని ఉద్యోగులు ఎలా తట్టుకోవాలి?

ఈ బాధకు ‘టెక్నోస్ట్రెస్’ అనే పేరును అమెరికా మానసిక శాస్త్రవేత్త క్రెయిగ్ బ్రాడ్ 1984లోనే ప్రచారంలోకి తెచ్చారు. అప్పట్లో కంప్యూటర్ నేర్చుకోవడమే బెడద. ఇప్పుడది జేబులోకి వచ్చి కూర్చుంది.

బుర్రను ఎక్కువగా తినేసేది నోటిఫికేషన్లే. చాలామంది విసుగెత్తి అన్నీ ఒకేసారి మ్యూట్ చేస్తారు. అది రెండు రోజులు కూడా నిలవదు. బాస్ మెసేజ్ తప్పిపోయిందేమోనన్న బెంగతో మునుపటికంటే ఎక్కువసార్లు ఫోన్ తెరుస్తారు. అందుకే ముందు టీమ్‌లో ఒక మాట అనుకోవాలి: అర్జెంటైతే ఫోన్ కాల్, మిగతాదంతా చాట్. సెట్టింగుల సంగతి ఆ తర్వాతే. ఆఫీసు చాట్‌కు వాడే మైక్రోసాఫ్ట్ టీమ్స్ మొబైల్ యాప్‌లో నోటిఫికేషన్ల కింద ‘క్వైట్ టైమ్’ ఉంటుంది. రాత్రి 8 నుంచి ఉదయం 9 వరకు, ఆదివారమైతే రోజంతా పెట్టుకోవచ్చు. అది మోతను ఆపుతుందే గానీ మెసేజ్‌లను కాదు, పొద్దున తెరిస్తే అన్నీ అక్కడే ఉంటాయి. రాత్రిళ్లు మెయిల్ రాసే మేనేజర్లు ‘షెడ్యూల్ సెండ్’ (రాసిన మెయిల్ మనం పెట్టిన సమయానికే వెళ్లేలా చేసే సదుపాయం) వాడితే సగం గొడవ తగ్గుతుంది. (అసలు మందు పడాల్సింది అక్కడే.)

కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే రోజూ చేసే మూడు పనులు ఎంచుకుని, ఏ క్లిక్ తర్వాత ఏ క్లిక్కో కాగితం మీద రాసుకోండి. ఎర్రర్ వచ్చినప్పుడు ఉత్తినే “పనిచేయట్లేదు” అని ఐటీ విభాగానికి టికెట్ (ఫిర్యాదు) పెడితే ఎదురు ప్రశ్నలే వస్తాయి. స్క్రీన్‌షాట్, సమయం, దానికి ముందు నొక్కిన బటన్ పేరు జతచేయండి.

కళ్లు లాగుతుంటే 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరాన ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి. నిద్ర పట్టకపోవడం వారాల తరబడి సాగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.