సముద్రగర్భపు సరిహద్దులు గీసే పనిలో మా అమ్మాయికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి భూగర్భశాస్త్రంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. పొరుగు దేశాలు సముద్రగర్భాన్ని ఎలా పంచుకుంటాయన్న విషయం మీద ఆసక్తి పెంచుకుని, ఆ రంగంలోనే స్థిరపడతానంటోంది. విదేశంలో సముద్ర చట్టంపై ఏడాది మాస్టర్స్ చేస్తానని ఒకసారి, హైడ్రోగ్రఫీ (సముద్రగర్భాన్ని కొలిచి నౌకాపటాలు తయారుచేసే శాస్త్రం) చదువుతానని ఇంకోసారి చెబుతోంది. ఉన్న దేశాలే రెండు వందల లోపు. గీతలు గీయడం పూర్తయ్యాక వీళ్ళకు పనేముంటుంది? నలుగురూ వెళ్ళే దారిలో వెళ్ళమనడం తప్పా? ఈ రెండు కోర్సులనూ పోల్చి, ఏది మంచిదో చెప్పగలరు. – ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది రెండు కోర్సుల పోలిక. దాని అడుగున ఉన్నది వేరే ప్రశ్న. ఎవరూ పేరు వినని చదువు చదివి, చివరికి ఏ ఉద్యోగానికీ అక్కరకు రాకుండా పిల్ల మిగిలిపోతుందేమోనన్న భయం అది. ఇదే భయంతో రాసే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. సబ్జెక్టు పేరు మారుతుంది గాని భయం మారదు. అందుకే ముందు దానికే సమాధానం చెబుతాను. మీ అమ్మాయి ఎంచుకున్న రంగంలో పని ఉంది, అది ఇప్పట్లో తరిగిపోయేది కాదు, పైగా ఆ పనికి భూగర్భశాస్త్రం చదివినవారి అవసరం మీరు ఊహించినదానికన్నా చాలా ఎక్కువ.

గీతలన్నీ ఒకనాటికి పూర్తయిపోతాయని మీరు అనుకుంటున్నారు. అవి ఎంత నిదానంగా తెమిలేవో చూడండి. బారెంట్స్ సముద్రంలో సరిహద్దు కోసం నార్వే, అప్పటి సోవియట్ యూనియన్ 1970లో చర్చలు మొదలుపెట్టాయి. ఒప్పందం మీద సంతకాలు జరిగింది 2010 సెప్టెంబరు 15న, మూర్మన్‌స్క్‌లో. వివాదంలో ఉన్న సుమారు 1,75,000 చదరపు కిలోమీటర్లను రెండు దేశాలూ దాదాపు సమానంగా పంచుకున్నాయి. చర్చలు మొదలుపెట్టిన అధికారులు పదవీ విరమణ చేశాక, వారి తరవాతి తరం వచ్చి ఆ పని ముగించింది. గీత పడినంత మాత్రాన పని ఆగదు కూడా. ఉత్తర సముద్రంలో బ్రిటన్, నార్వేలు 1965లోనే సరిహద్దు నిర్ణయించుకున్నాయి. తీరా చూస్తే ఫ్రిగ్ గ్యాస్ క్షేత్రం ఆ గీతకు రెండు వైపులా పరుచుకుని ఉంది. దాన్ని ఒకే క్షేత్రంగా తవ్వి, ఎవరి వాటా వారు తీసుకోవడానికి 1976లో మరో ఒప్పందం రాసుకోవలసి వచ్చింది. గీత మీద రాజీ కుదరని చోట, మలేషియా, థాయిలాండ్ 1979లో చేసినట్టు, గీత సంగతి పక్కన పెట్టి ఆ ప్రాంతపు సంపదను ఉమ్మడిగా వాడుకునేందుకు ఒక సంస్థను ఏర్పాటు చేసుకునే మార్గమూ ఉంది. ఇలాంటి ప్రతి ఏర్పాటు వెనకా ఏళ్ళ తరబడి లెక్కలు వేసేవారు ఉంటారు.

ఇక అసలు పని ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే కోర్సు ఎంపిక దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఎదురెదురుగానో పక్కపక్కనో తీరాలున్న దేశాలు ఖండతీరపు అంచును, అంటే తీరం నుంచి సముద్రం కిందికి కొనసాగే భూభాగాన్ని, అంతర్జాతీయ న్యాయం ప్రాతిపదికగా ఒప్పందం ద్వారా పంచుకోవాలని, ఫలితం న్యాయసమ్మతంగా ఉండాలని 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒడంబడికలోని 83వ అధికరణం చెబుతుంది. ఎలా పంచుకోవాలో మాత్రం చెప్పదు. అంతకుముందు, 1958 నాటి ఒడంబడిక, ఒప్పందం కుదరకపోతే, ప్రత్యేక పరిస్థితులేవీ లేనప్పుడు, రెండు తీరాలకూ సమాన దూరంలో ఉండే రేఖే సరిహద్దు అని చెప్పింది. డెన్మార్క్, నెదర్లాండ్స్ ఆ సూత్రాన్నే జర్మనీకి వర్తింపజేయాలని వాదించాయి. జర్మనీ తీరం లోపలికి వంగి ఉంటుంది కనుక, రెండు పక్కల నుంచీ వచ్చే సమదూర రేఖలు దాని ఎదుటనే కలుసుకుని, ఉత్తర సముద్రపు నడిభాగానికి చేరే వీలు లేకుండా చేస్తాయి. సమదూర సూత్రానికి జర్మనీ కట్టుబడి ఉండనవసరం లేదని అంతర్జాతీయ న్యాయస్థానం 1969లో తీర్పు చెప్పి, న్యాయమైన పద్ధతిలో మళ్ళీ మాట్లాడుకోమంది. 1971లో కుదిరిన ఒప్పందాలతో జర్మనీకి సముద్రం నడిభాగం దాకా వాటా దక్కింది.

ఆ తరవాతి తీర్పుల వల్ల ఇప్పుడు ఒక క్రమం స్థిరపడింది. ముందు తాత్కాలికంగా సమదూర రేఖ గీస్తారు. తీరం వంపు, దీవులు వంటి కారణాలుంటే దాన్ని జరుపుతారు. చివరగా, తీరాల పొడవుకూ దక్కిన వాటాలకూ మధ్య మరీ విపరీతమైన తేడా ఉందేమో సరిచూస్తారు. వినడానికి ఇది తేలికగానే ఉంటుంది. మొదటి మెట్టు దగ్గరే అసలు కష్టం ఉంది. సమదూర రేఖ గీయాలంటే తీరం మీద ఆధార బిందువులు ఎంచుకోవాలి. తీరాన్ని సాధారణంగా ఆటు సమయంలో నీరు వెనక్కి తగ్గిన గీత నుంచి కొలుస్తారు, ఆ గీత ఆ దేశం గుర్తించిన పెద్ద స్కేలు నౌకాపటం మీద ఉండాలి. ఆ పటం తయారైంది ఎప్పుడు? ఈలోపు నది ఒండ్రు తెచ్చి పోయడంతో తీరం ముందుకు జరిగిందా, కోతకు గురై వెనక్కి పోయిందా? ఆటు సమయంలో మాత్రమే పైకి తేలే మట్టి దిబ్బను ఆధార బిందువుగా లెక్కలోకి తీసుకోవచ్చా? బంగాళాఖాతంలో బంగ్లాదేశ్, భారత్‌ల మధ్య 2014 జులై 7న వెలువడిన ట్రిబ్యునల్ నిర్ణయంలో సరిగ్గా ఈ చర్చే ఉంది. భారత్ న్యూ మూర్ అనీ, బంగ్లాదేశ్ దక్షిణ తల్పట్టి అనీ పిలిచే దిబ్బ మీద ఆధార బిందువు పెట్టడానికి ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. అంతకు ముందు 2009లో, నల్ల సముద్రంలో రుమేనియా, ఉక్రెయిన్‌ల వివాదంలో, పాముల దీవికి 12 నాటికల్ మైళ్ళ ప్రాదేశిక జలాలకు మించి సరిహద్దు మీద ఎలాంటి ప్రభావమూ అంతర్జాతీయ న్యాయస్థానం ఇవ్వలేదు.

బిందువులు కుదిరాక అంకెల సంగతి వస్తుంది. ఒకే అక్షాంశ రేఖాంశాలను రెండు వేర్వేరు డేటమ్‌ల (స్థానాలను లెక్కించడానికి ఆధారంగా తీసుకునే భూమి నమూనాల) మీద గుర్తిస్తే వందల మీటర్ల తేడా రావచ్చు. అందుకే జాగ్రత్తగా రాసిన ఒప్పందంలో డేటమ్ ఏదో, రెండు మలుపు బిందువులను కలిపే గీత భూగోళం మీద అతి దగ్గరి దారో లేక దిక్సూచి కోణం మారకుండా సాగే దారో స్పష్టంగా ఉంటుంది. పాత ఒప్పందాల్లో చాలావాటిలో ఈ వివరం లేదు. వాటిని నేటి ఉపగ్రహ కొలతల్లోకి మార్చడమే కొందరికి పూర్తికాలపు పని.

మీరు గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళు దాటి తన ఖండతీరపు అంచు విస్తరించి ఉందని ఏ దేశమైనా చెప్పుకోవాలంటే, ఆ ఆధారాలను ఐక్యరాజ్యసమితి ఒడంబడిక కింద ఏర్పడిన కమిషన్ ముందు పెట్టాలి. అందులో సభ్యులు 21 మంది. వారు భూగర్భశాస్త్రం, భూభౌతికశాస్త్రం, హైడ్రోగ్రఫీ, ఈ మూడింటిలో ఏదో ఒక దానిలో నిపుణులై ఉండాలని ఒడంబడికే నిర్దేశించింది. ఇద్దరు పొరుగువారి మధ్య గీతను ఆ కమిషన్ గీయదు. కానీ సముద్రగర్భపు వాలు ఎక్కడ ముగుస్తుంది, ఆ దిగువన మేటవేసిన అవక్షేపం మందం ఎంత అన్న ప్రశ్నలకు జవాబు చెప్పవలసింది మీ అమ్మాయి చదివిన చదువే.

ఇప్పుడు ఏడాది మాస్టర్స్ గురించి నా సందేహాలు దాచకుండా చెబుతాను. ఈ మధ్య దీనికి గిరాకీ బాగా పెరిగింది. కోర్సుల పత్రికల మీద హేగ్‌లోని న్యాయస్థానం బొమ్మ ఉంటుంది, పిల్లలు తమను ఆ గదిలో వాదిస్తున్నట్టు ఊహించుకుంటారు. వాస్తవం ఏమిటంటే, సరిహద్దులు ఎక్కువగా చర్చల్లోనే తేలతాయి, న్యాయస్థానం దాకా వచ్చేవి తక్కువ. వచ్చిన వాటిలోనూ దేశాలు తమ వాదనను పదేపదే అదే చిన్న బృందంలోని అనుభవజ్ఞులకు అప్పగిస్తాయి. ఏడాది చదువుతో ఆ బృందంలోకి ఎవరూ చేరలేరు. చర్చల బల్ల దగ్గర కూర్చునేవారు విదేశాంగ శాఖ న్యాయ విభాగం, జలసర్వే కార్యాలయం, భూగర్భ సర్వే, చమురు శాఖ వంటి చోట్ల ఏళ్ళ తరబడి పనిచేసిన ఉద్యోగులు. నేను పైన చెప్పిన 2014 ట్రిబ్యునల్‌లో సభ్యులైన పెమ్మరాజు శ్రీనివాసరావు గారు కూడా భారత విదేశాంగ శాఖలో చాలా కాలం న్యాయ సలహాదారుగా పనిచేసినవారే. న్యాయశాస్త్రంలో డిగ్రీ లేకుండా సముద్ర చట్టంపై ఏడాది కోర్సు ఒక్కటే చేసినవారిని న్యాయవాదిగా ఎవరూ తీసుకోరు, శాస్త్రజ్ఞుల కొలువుకు అది అదనపు అర్హతే తప్ప ప్రధాన అర్హత కాదు. ఇప్పటికే ఒక వృత్తిలో ఉన్నవారికి ఆ కోర్సు ఎంతో ఉపయోగపడుతుంది. ఏ వృత్తీ లేనివారి చేతిలో అది అప్పు మిగిల్చే అవకాశమే ఎక్కువ. పెద్ద విశ్వవిద్యాలయం పేరు చూసి ఈ నిర్ణయం తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

హైడ్రోగ్రఫీ గురించి ఇంత చెప్పనవసరం లేదు. రేవులు, పూడికతీత, సముద్రంలో వేసే కేబుళ్ళు, గాలిమరలు, చమురు వేదికలు, అన్నింటికీ సముద్రగర్భం కొలిచేవారు కావాలి. సరిహద్దు పని దొరకని ఏళ్ళలోనూ ఈ చదువు అన్నం పెడుతుంది. భూగర్భశాస్త్రం నుంచి భూభౌతికశాస్త్రంలోకి వెళ్ళడం కూడా అంతే మంచి దారి.

ఇక మీతో కొంచెం కఠినంగా మాట్లాడక తప్పదు. మీ ఉత్తరంలో దేశాల సంఖ్య ఉంది, నలుగురి దారి ఉంది, మీ అమ్మాయి దేనిలో దిట్ట అన్నది మాత్రం ఒక్క వాక్యంలోనూ లేదు. ఆమెకు లెక్కలంటే ఇష్టమా? వారాల తరబడి ఓడ మీద ఉండగలదా? పటం ముందు కూర్చుంటే వేళ మరిచిపోతుందా? వీటిలో ఏ ఒక్కటీ మీరు అడిగి తెలుసుకున్నట్టు లేదు. నలుగురూ వెళ్ళే దారిలో వెళ్ళమనడం తప్పు కాదు. ఆ నలుగురికీ అక్కడ ఏం దొరికిందో కనుక్కోకుండా పంపడం తప్పు. ఒకే డిగ్రీ పట్టుకుని ఒకే ఉద్యోగం కోసం వరుసలో నిలబడిన పిల్లల తల్లిదండ్రులు కూడా నాకు ఇదే ఆందోళనతో రాస్తున్నారు. ఆమె రెండు కోర్సుల మధ్య ఊగిసలాడడాన్ని మీరు అస్థిరత అనుకుంటున్నారు. నాకు మాత్రం ఒకే పనికున్న రెండు తలుపులనూ ఆమె గుర్తించిందనిపిస్తోంది, ఆ వయసులో ఆ మాత్రం చూపు ఉండడం మంచి సంగతి. దయచేసి దాన్ని తప్పుగా ఎంచకండి.

అమ్మా, ఇది నీకు. సరిహద్దు ఒప్పందాల పూర్తి పాఠాలు ఐక్యరాజ్యసమితి బహిరంగంగా అందుబాటులో ఉంచుతుంది. బారెంట్స్ ఒప్పందాన్నో, బ్రిటన్, నార్వేల 1965 ఒప్పందాన్నో తీసుకుని, అందులోని అక్షాంశ రేఖాంశాలను ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో నువ్వే గుర్తించి గీత గీయి. తరవాత రెండు తీరాల మీదా ఆధార బిందువులు పెట్టి సమదూర రేఖ గీసి, ఒప్పందపు గీత దాని నుంచి ఎక్కడ పక్కకు తొలగిందో, ఎందుకు తొలగి ఉంటుందో రెండు పేజీలు రాయి. తొలగిన కారణం గురించి ఆలోచించడం కంటే కొలతలు సరిచూడడమే ఎక్కువ నచ్చితే, హైడ్రోగ్రఫీకో భూభౌతికశాస్త్రానికో వెళ్ళు. కారణమే నిన్ను పట్టుకుని వదలకపోతే, అప్పుడు న్యాయశాస్త్రంలో పూర్తి డిగ్రీ గురించి ఆలోచించు. ఏడాది మాస్టర్స్ ఏ దారిలో వెళ్ళినా నాలుగైదేళ్ళ ఉద్యోగం తరవాత చేయవచ్చు. హైడ్రోగ్రఫీ కోర్సుకు దరఖాస్తు చేసేముందు, దానికి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ‘కేటగిరీ–A’ గుర్తింపు ఉందో లేదో, చదువులో భాగంగా సముద్రం మీద సొంతంగా సర్వే చేయిస్తారో లేదో ఆ సంస్థకే రాసి, సమాధానం లిఖితపూర్వకంగా తీసుకో.